పదకొండింటిలోగా

"నాన్నా, పదీ ఐదు అయింది. ఇంకా రాలేదు."

"వస్తుందమ్మా. కంగారుపడకు," అన్నాడు తండ్రి. ఆయన చొక్కా అప్పటికే చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

ఊరంతటికీ నెట్ పోయి గంట దాటింది. పదకొండింటికి అమ్మాయికి పశువైద్యం కోర్సు ప్రవేశ పరీక్ష, ఇంట్లోంచే రాయాలి. పదకొండు దాటి ఒక్క నిమిషమైనా లోపలికి రానివ్వరు. వచ్చే ఏడాదికి వయసు మించిపోతుంది కాబట్టి ఇదే ఆఖరిసారి. రెండేళ్ళుగా ఆ పిల్ల ఒక సినిమా చూడలేదు, ఒక పెళ్ళికి వెళ్ళలేదు, కంటినిండా నిద్రపోలేదు.

ఆ పరీక్ష ఫోన్లో తెరుచుకోదు. లాప్‌టాప్ ఉండాల్సిందే. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ ఉంది. దాని వైఫై చచ్చి ఏడాదయింది. బాగుచేయిస్తా, బాగుచేయిస్తా అంటూనే తండ్రి రోజులు నెట్టుకొచ్చాడు. గోడలోంచి వచ్చే వైరే దానికి ఆధారం. ఇప్పుడు అందులోనూ నెట్ లేదు.

ఫోన్లో మాత్రం నెట్ ఏదో కాస్త కొట్టుకుంటోంది. దాన్నే వైరు గుండా లాప్‌టాప్‌కి ఎక్కించాలి. వేరే దారి లేదు.

"ఇవాళ మీకు ఇంటి నుంచి పని కాబట్టి సరిపోయింది. లేకపోతే మా గతేం కాను!" అంది తల్లి.

నిజమే మరి. ఊరికి నెట్ ఇచ్చే కంపెనీలో ఆయన పదిహేనేళ్ళుగా ఇంజనీరు. ఆయనకిది కొట్టిన పిండి అని ఇంటిల్లిపాదికీ నమ్మకం.

మొదటి వైరు పెట్టాడు. ఫోన్ చార్జింగ్ ఎక్కింది తప్ప ఇంకేమీ జరగలేదు. అది ఉత్త చార్జింగ్ వైరు. టీవీ వెనకాల వెతికి ఇంకోటి తెచ్చాడు. ఈసారి ఫోన్ ఒప్పుకుంది గానీ లాప్‌టాప్ మొండికేసింది. ఫోన్‌ని గుర్తుపట్టాలంటే తనకో చిన్న ప్రోగ్రాం కావాలంది. అదెక్కడ దొరుకుతుంది? నెట్‌లో.

"అంటే నెట్ రావాలంటే ముందు నెట్ ఉండాలా? ఇదెక్కడి చోద్యం!" తల్లి బుగ్గ నొక్కుకుంది.

దాన్ని ఫోన్లోకి దింపుకుని, మెమరీ కార్డు పీకి లాప్‌టాప్‌లో పెట్టాడు. ప్రోగ్రాం ఎక్కలేదు. దానికంటే ముందు ఇంకోటి ఎక్కించాలట. ఖర్మ! మళ్ళీ కార్డు పీకి ఫోన్లో పెట్టి, ఆ ఇంకోదాన్ని దింపడం మొదలుపెట్టాడు. నత్త నయం, అంత నెమ్మది. ఊళ్ళో జనమంతా ఫోన్ నెట్ మీదే పడ్డారు.

సగంలో ఉండగా ఫోన్ మోగింది. ఆఫీసు. ఆయన కట్ చేశాడు. దిగుతున్నది కాస్తా ఆగి మొదటికొచ్చింది.

"ఈ రోడ్లు తవ్వేవాళ్ళే కేబుల్ తెంపి ఉంటారు," అంది తల్లి. "వాళ్ళ చేతులు పడిపోను! పిల్లల ఉసురు తగలకపోదు వెధవలకి."

"వాళ్ళనెందుకులే అనడం," అన్నాడు తండ్రి తలెత్తకుండా.

"మీరొకరు! లోకంలో అందరి మీదా జాలే."

మళ్ళీ ఆఫీసు. మళ్ళీ కట్ చేశాడు. మళ్ళీ మొదటికొచ్చింది.

"పోనీ ఒక్క మాట మాట్లాడరాదూ? ఊరంతా గగ్గోలుగా ఉంటే మిమ్మల్ని కాక ఎవర్ని పిలుస్తారు?"

"ముందు ఇది కానీ."

అమ్మాయి కళ్ళు చెమర్చాయి. తన కోసం నాన్న ఉద్యోగాన్ని కూడా లెక్కచెయ్యడం లేదు. హాల్ టికెట్ ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది.

పది యాభై. తొంభై శాతం దగ్గర ఆగిపోయింది. ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తాడు, మెట్ల మీదికి పరిగెత్తాడు, చివరికి డాబా మీదికి వెళ్ళి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. పూర్తిగా దిగేసరికి పది యాభై ఎనిమిది. ఆయాసపడుతూ వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఒకే లైను మూడుసార్లు తప్పు కొట్టాడు.

"నాన్నా... ఇంక వద్దులే," అంది అమ్మాయి.

ఆయన వినలేదు. నాలుగోసారి కొట్టాడు. అది పనిచేసింది. ఫోన్‌ని లాప్‌టాప్ గుర్తుపట్టింది, నెట్ వచ్చింది, పరీక్ష పేజీ నిదానంగా తెరుచుకుంది.

ప్రవేశ సమయం ముగిసింది అని ఉంది అందులో. గోడ మీద పదకొండూ నాలుగు.

తల్లి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఆవిడ ఏడుపు వినిపిస్తూనే ఉంది. తండ్రి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వెక్కిళ్ళకి ఆయన భుజాలు కదలడం అమ్మాయి ఎప్పుడూ చూడలేదు. హాల్ టికెట్ మడిచి పుస్తకంలో పెట్టేసి, ఆయన తల నిమిరింది.

"ఏడవకు నాన్నా. ఎవరో చేసినదానికి నువ్వేం చేస్తావు?"

ఉదయం తొమ్మిదింటికి ఇదే కుర్చీలో కూర్చుని, ఆఫీసు పనిలో ఒక్క అంకె తప్పు కొట్టి, ఊరంతటికీ నెట్ ఆపేసింది ఆయనే.