మట్టి కుప్ప

కూలీ లచ్చన్న, ఇంజనీరు తారిఖ్ చెంప పగలగొట్టి, కాలర్ పట్టుకుని ఎడారి దేశపు అమెరాత్ ఎండు వాగులోంచి గట్టు మీదికి ఈడ్చాడు.

"రాళ్లు దొర్లే సప్పుడు ఇనొస్తలేదా సార్? వాగొస్తున్నది! హసన్‌ను దిగమనుండ్రి! మీరు చెప్తెనే జేసీబీ దిగుతడు!"

"పాగలా? వానే లేదు. ఇరవై మిల్లీమీటర్లు పడితేనే వాగొస్తదని కంప్యూటర్ల లెక్కుంది."

అంతలోనే ఎర్రటి వరద విరుచుకుపడి, హసన్ కేకతో సహా జేసీబీని మింగేసింది.

తారిఖ్ గట్టు అంచుకు పరుగెత్తాడు. "కంప్యూటర్ల అన్ని రూల్సూ పెట్టిన. ఎట్ల తప్పింది?"

"మొన్న కొండల పడ్డ వాన నీళ్లు ఎగువల మన మట్టి కుప్ప ఎనక ఆగినయ్. ఇయ్యాల కుప్ప తెగింది. అక్కడ మట్టి పోపిచ్చింది మీరే గద! కంప్యూటర్‌కు చెప్పిన్రా?"

వాచిన చెంప మీంచి తారిఖ్ చెయ్యి తీసేశాడు.

"ఇంకోటి కొట్టు, లచ్చన్నా."