పన్నెండు పేర్లు

"రాష్ట్ర ఆదాయపు పన్ను ఒక్క శాతం పెంచినా సరే, నా కిటికీల ఫ్యాక్టరీలో పన్నెండు మందిని తీసెయ్యాల్సిందే!" అన్నాడు వెర్లిన్ స్ట్రౌడ్ మైకు ముందు.

రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శాసనసభ కమిటీ గది కిక్కిరిసి ఉంది. పన్ను వద్దంటూ వ్యాపారుల సంఘం పంచిన పచ్చ టోపీలు పెట్టుకుని అతని పనివాళ్లు వెనక వరుసల్లో కూర్చున్నారు. వాళ్లను బస్సెక్కించి తెచ్చింది అతనే.

కమిటీ అధ్యక్షురాలు కళ్లజోడు తీసింది. "మీవాళ్లంతా ఇక్కడే ఉన్నారుగా. ఎవరా పన్నెండు మంది?"

"అదింకా అనుకోలేదండీ..."

"లెక్క తేలింది గానీ మనుషులు తేలలేదా?"

వెర్లిన్‌కి వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

గాజు కోసే దగ్గర పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న నెడ్రా లేచి నిలబడింది.

"ఆయన్ని ఇబ్బంది పెట్టకండమ్మా. నా పేరు రాసుకోండి. ఈ పన్ను వస్తే మొదట పోయేది నేనే."

గదంతా చప్పట్లు. సాయంత్రానికి బిల్లు ఒక్క ఓటుతో వీగిపోయింది.

బస్సు దగ్గర వెర్లిన్ ఆమె చేతులు పట్టుకున్నాడు. "నా పరువు కాపాడావు నెడ్రా! చచ్చినా మర్చిపోను."

"మార్చిలో, ఈ పన్ను ఊసే లేనప్పుడు, మీ టేబుల్ మీద ఆ పన్నెండు పేర్లూ చూశాను సార్. మొదటిది నాదే."

వెర్లిన్ చేతులు వదిలేశాడు.

"పన్ను వస్తేనే తీసేస్తానని అందరి ముందూ చెప్పారు. పన్ను రాలేదు," అంది నెడ్రా. "ఇప్పుడు మమ్మల్ని ఏమని తీస్తారు?"

బస్సు కిటికీల్లోంచి మిగతావాళ్లంతా అతని జవాబు కోసం చూస్తున్నారు.