పదికి మూడు

జులై పద్దెనిమిది. ఆ రోజు మధ్యాహ్నం లెక్కల మాస్టారు తిన్నది సగం కమలాపండు. అదీ వేరొకరు ఒలిచి ఇచ్చింది.

ఇచ్చినతను బడిలో టీచర్లకు కంప్యూటర్ నేర్పడానికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. అందరూ ల్యాబ్‌లోకి వచ్చేసరికే ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్. ముఖం ఎదుటి గోడ వైపు.

"సాయంత్రం మీరంతా నాకు పదికి మార్కులు వేయాలి. పాసైతేనే మా ఆఫీసు ఇంకో బడికి పంపుతుంది. కాస్త చల్లగా చూడండి," అన్నాడు.

"పరీక్ష మాకేమో అనుకున్నాం, నయం," అంది డ్రాయింగ్ టీచరమ్మ.

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. భార్య పోయి పదకొండు నెలలు. నవ్వు రాక కాదు, నవ్వాలని గుర్తుండటం లేదు.

పాఠం మొదలైంది. పేజీలో ఒక్క మాట వెతకాలంటే కంట్రోల్‌తో ఎఫ్. వెనక బెంచీ పిల్లలకు అక్షరాలు పెద్దగా కనబడాలంటే కంట్రోల్‌తో ప్లస్. అతను మౌస్ ముట్టనే లేదు.

"టీచర్ గారూ, మీ తెర మీద ఏం పడిందో పైకి చదవండి."

"కుకీలు ఒప్పుకుంటారా అని అడుగుతోంది. ఆకలి వేళ ఎవరొద్దంటారు?"

"అవి తినేవి కావండీ. వద్దనే నొక్కండి."

టీచరమ్మ మాస్టారి వైపు వంగింది. "తన చెవిలో పాటలు, మనచేత చదివింపులు. లేచి వచ్చి చూస్తే ఆయన సొమ్మేం పోయింది?"

మాస్టారికీ అదే అనిపించింది. ఆయన క్లాసులో చెవిలో తీగ పెట్టుకున్న పిల్లవాడు బయట నిలబడాల్సిందే.

అంతలో మాస్టారి వేలు దేనిమీదో పడింది. ఇంటి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో పేజీ మాయమైంది.

పదకొండు నెలలుగా మూయని పేజీ. ఎలా తెరిచారో ఆయనకు గుర్తులేదు. ఇదే బడిలో తెలుగు చెప్పిన భార్య, ఎనిమిదో తరగతి పిల్లల కోసం చదివి పెట్టిన పద్యం అందులో ఉంది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

"పోయింది," అన్నారు మాస్టారు. అంతే అన్నారు.

"ఏది పోయింది, మాస్టారూ?"

"ట్యాబ్."

"మూసుకుంటే పోయినట్టు కాదండీ. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని టి నొక్కండి."

నొక్కారు. పేజీ తిరిగి వచ్చింది. గొంతు దానంతట అదే మొదలైంది. పద్యం మధ్యలో చిన్న దగ్గు కూడా ఉంది.

అతను చెవిలోది తీసేసి అయిపోయేదాకా విన్నాడు.

"ఇప్పుడు కంట్రోల్‌తో డి. అది గుర్తు పెట్టుకుంటుంది. ఇక మీరు నిశ్చింతగా మూసుకోవచ్చు."

మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్ళు విప్పారు. మాస్టారు ఏమీ తెచ్చుకోలేదు.

"మీ డబ్బా మూత చప్పుడు రాలేదే, మాస్టారూ," అంటూ అతను కమలాపండు ఒలిచి సగం ఇచ్చాడు. చేయి మాస్టారికి జానెడు పక్కకు వచ్చింది.

ఇచ్చేటప్పుడైనా మనిషి వంక చూడడు, అనుకుంటూ మాస్టారు తిన్నారు.

సాయంత్రం కాగితాలు పంచారు. మాస్టారు లెక్కల పేపరు దిద్దినట్టే దిద్దారు. జవాబు సరైనదే అయినా, పద్ధతి తప్పయితే ఆయన మార్కులు కోస్తారు. ముప్ఫై ఏళ్ళుగా అంతే.

'పాఠం సరే. చెవిలో పాటలు వింటూ చెప్పాడు. ముఖం చూసి మాట్లాడడు. పదికి మూడు.'

పిల్లలు కాపీ కొడితే ఊరుకోని టీచర్లు, పెద్దాయన కాగితం చూసి అదే దించేశారు.

నెల తిరిగాక రెండో విడత శిక్షణకు ఇంకొకతను వచ్చాడు. అందరి ముఖాలూ చూసి నవ్వాడు. గడగడా చెప్పేసి నాలుగింటికే వెళ్ళిపోయాడు. ఎవరికీ ఏమీ రాలేదు.

అటెండర్ ల్యాబ్ కిటికీలు మూస్తుంటే మాస్టారు అడిగారు.

"పాతాయన ఏడీ?"

"ఫెయిలయ్యారటగా, మాస్టారూ. పనిలోంచి తీసేశారట."

"పాఠం బాగానే చెప్పాడు. ఆ పాటల సంగతే..."

"పాటలా?" అటెండర్ చేయి కిటికీ గడియ మీదే ఆగింది. "ఆ రోజు పొద్దున్నే తీసుకొచ్చి కూర్చోబెట్టింది నేనే కదా. ఎవరికీ చెప్పొద్దన్నారు. తెలిస్తే జాలిపడి మార్కులు వేస్తారట. అలాంటివి వద్దన్నారు."

"ఏం తెలిస్తే?"

అటెండర్ గడియ వేశాడు. దీపాలు ఒక్కొక్కటే ఆర్పాడు. మాస్టారు బయటికి వచ్చేదాకా ఆగాడు.

"ఆ చెవిలోది పాట కాదు మాస్టారూ, తెర మీది అక్షరాలు చదివి వినిపించేది; ఆయనకు చూపు లేదు," అంటూ, ఆ పూటకి ల్యాబ్ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.