పొగ లేని పండగ

రాతోమీర్ సిగరెట్లు మానేశాడన్న వార్త మెట్లెక్కి ఐదో అంతస్తు దాకా పోయింది. మోసింది అత్తగారు స్తమేనే.

"మా అల్లుడి పిత్తాశయం నిండా రాళ్లేనమ్మా! ఆపరేషనట. వీడొక్కడే మానలేడుగా, చచ్చినట్టు నేనూ మానేశా," అని కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. డెబ్బై దాటినా తనకి జలుబు చేసిందని కూడా ఒప్పుకునే మనిషి కాదావిడ.

ఆ అత్తకీ అల్లుడికీ ఏనాడూ పడదు. పొద్దున్నే వంటింట్లో కాఫీ పోసుకుని చెరో సిగరెట్ వెలిగించుకున్న కాసేపే ఆ ఇంట్లో శాంతి. ఇప్పుడు అదీ పోయింది.

నీష్ నగరం ఆస్పత్రిలో మత్తిచ్చే డాక్టరమ్మ ఇవాంక మొహమాటం లేకుండా చెప్పేసింది.

"చిన్న చిన్న కన్నాలు పెట్టి పొట్టలో గ్యాస్ నింపుతాం. అది నెత్తుట్లోకి దిగుతుంది. దాన్ని ఊపిరితిత్తులు బయటికి ఊదెయ్యాలి. పొగచూరిన ఊపిరితిత్తులు ఊదలేవు. అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. క్రిస్మస్ ముందరి ఉపవాసాలు అయ్యేదాకా సిగరెట్ ముట్టకూడదు. లేకపోతే బల్ల ఎక్కించను. వింటున్నారా ఇద్దరూ?"

ఇద్దరూ తలూపారు. బయటికొచ్చి చెరో పెట్టె చెత్తబుట్టలో పడేశారు.

"నువ్వు వారం ఆగవు," అంది స్తమేన.

"నువ్వు సాయంత్రం దాకా ఆగు, చూద్దాం!" అన్నాడు రాతోమీర్.

అప్పట్నుంచి ఒకరి కోటు ఒకరు వాసన చూడటమే పని.

ఇంతలో సెయింట్ నికోలస్ పండగ వచ్చింది. ఇంటి వేల్పు పండగ. వచ్చినవాళ్లని పల్లెత్తు మాట అనకూడని రోజు. రాతోమీర్ గుమ్మంలోనే అనేశాడు.

"పొగ తాగేవాళ్లు బాల్కనీలోకి పోండి."

బాల్కనీలో మంచు కురుస్తోంది. ఇలాంటి పండగ తాతల నాడు కూడా చూడలేదని చుట్టాలు గొణిగారు. అయినా చేపల్నీ, ప్లమ్ పళ్ల సారానీ మాత్రం వదల్లేదు. రాతోమీర్ పళ్లెంలో పథ్యానికి ఉడకబెట్టిన బంగాళాదుంపలు. స్తమేన పళ్లెంలోనూ అవే.

"అల్లుడి కోసం ఎంత త్యాగం!" అన్నారంతా. స్తమేన వినయంగా తలొంచుకుంది. రాతోమీర్‌కి ఒళ్లు మండింది. ఇంకో దుంప నోట్లో కుక్కుకున్నాడు.

అతని పెళ్లికి సాక్షిగా నిలబడ్డ వెలిబోర్ అతన్ని బాల్కనీలోకి లాక్కుపోయి, వెలిగించిన సిగరెట్ చేతిలో పెట్టాడు.

"ఒక్క దమ్ము లాగరా. ఒక్క దమ్ముకి ఎవడూ చావడు."

రాతోమీర్ దాన్ని వాసన చూశాడు. పెదాల దాకా తెచ్చాడు. అంతలో అద్దం తలుపు వెనక స్తమేన కనిపించింది. ఆవిడ చూస్తున్నది అతన్ని కాదు, సిగరెట్‌ని. గుటక మింగుతోంది. తను లాగితే ఆవిడా లాగుతుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. సిగరెట్‌ని మంచులోకి విసిరికొట్టాడు.

"బతికిపోయావు, గాడిదా," అంది స్తమేన తలుపు తీసి.

క్రిస్మస్ వెళ్లింది. ఆస్పత్రిలో మణికట్టు దగ్గర తీసిన రక్తం పరీక్ష చూసి ఇవాంక కళ్లు పెద్దవి చేసింది.

"భేష్! ఇంత శుభ్రమైన నెత్తురు ఈమధ్య చూళ్లేదు. గ్యాస్ నింపినా దిగుల్లేదు. ఇంతకీ కాపలా ఎవరు కాశారు?"

"వీడే!" "ఈవిడే!" ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు.

నర్సు వచ్చి తలుపు తెరిచింది. రాతోమీర్ చటుక్కున లేచాడు.

రాళ్లు నిజంగా ఎవరి పిత్తాశయంలో ఉన్నాయో చివరిదాకా ఎవరికీ చెప్పని ఆ అల్లుడు, ఒకప్పుడు సిగరెట్ పెట్టె ఉండే జేబులో అత్తగారి కట్టుడు పళ్లు భద్రంగా పెట్టుకుని, ఆవిడ పడుకున్న చక్రాల మంచం ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లిపోయేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.