దిబ్బ వయసు

జూలై 9. ఉదయం నుంచి ముసురు. వంటింటి కుళాయికి వాషర్ మార్చాను.

మా అమ్మాయి సింధూర పరిశోధనంతా ఒక చిన్న సీసాలో ఉంది. సముద్రపు ఒడ్డున పాత ఊరి దిబ్బలో ఏరిన, ఇసుక రేణువులంతటి గుల్లలు. వాటిలోని కార్బన్ కొలిస్తే ఆ ఊరి వయసు తెలుస్తుందట. "మట్టి వదలడం లేదు" అని నిన్న విసుక్కుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి సింధూర రాగానే వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ సీసా చూపించింది. "నిమ్మరసం పోశానే! బుసబుస పొంగి మురికంతా పోయింది."

గుల్లలు కరిగిపోయాయి; అడుగున మిగిలింది ఉత్త ఇసుక.

"మళ్ళీ తెచ్చుకోవచ్చుగా?" చాటుగా అడిగాను.

"ఆ దిబ్బని తవ్వి రొయ్యల చెరువు చేశారు నాన్నా. అమ్మకి చెప్పకు."

వంటింట్లోకెళ్ళి, "బాగా శుభ్రమయ్యాయమ్మా" అంది.

"డాక్టరేట్ వచ్చిన రోజు నా పేరు కూడా చెప్పాలి మరి!" అంటూ కోటేశ్వరమ్మ తనే సీసాని డబ్బాలో పెట్టి నాకిచ్చింది. "ల్యాబ్‌కి పంపించండి. తడవనీకండి."

గొడుగు తీసుకుని ఎల్బీ నగర్ కొరియర్ ఆఫీసుకి వెళ్ళి, డబ్బా పంపించి వచ్చాను.