నేల మీద గింజలు

డబ్బా పడ్డ చప్పుడు అందరికన్నా ముందు విన్నది గోరింకే.

గోరింక అంటే పిట్ట కాదు, మనిషే. పిట్టల్ని చూసే ఒక ఆన్‌లైన్ గుంపులో ఆయన పెట్టుకున్న పేరది. ఒక ఇంటి పెరట్లో గింజల పళ్లెం, దాని ఎదురుగా కెమెరా. పొద్దున్నే మూడొందల మంది దాకా ఎక్కడివాళ్లక్కడ కూర్చుని ఆ పళ్లాన్ని తెర మీద లైవ్‌లో చూస్తారు. వాలింది ఏ పిట్టో, ఆడదో మగదో, పక్కనే రాసుకుంటూ పోట్లాడుకుంటారు. గింజలు పోసే ఆవిడ ముఖం కెమెరాలో పడదు. చెయ్యి మోచేతి దాకా కనబడుతుంది, అంతే. అందుకే అందరికీ ఆవిడ గింజలమ్మ.

కాసేపటికి తెర మీద డబ్బా దొర్లింది. గింజలు నేలంతా చిందాయి. చెయ్యి మాత్రం కనబడలేదు.

"అబ్బో! ఇవాళ నేల మీదే విందు!" అని రాశాడు గుంపులోని లారీ డ్రైవరు.

"చుట్టాలు ఎక్కువయ్యారుగా అన్నయ్యా, పళ్లెం చాల్లేదేమో" అంది కుట్టుమిషను అక్క.

పిచ్చుకలు దిగాయి. గువ్వలు దిగాయి. ఎన్నడూ ఇటు తొంగిచూడని చిన్న పిట్టల జంట కూడా దిగింది.

"అవీ పిచ్చుకలేగా?" అంది కుట్టుమిషను అక్క.

"కళ్లద్దాలు మార్పించుకో తల్లీ. ఆ ముక్కు చూడు, ఎంత మొద్దుగా ఉందో! జీనువాయి పిట్టలవి" అన్నాడు బడిపంతులు. "తొమ్మిది రకాలయ్యాయి. ఇన్ని ఏ రోజూ రాలేదు!"

గోరింక చూస్తున్నది పిట్టల్ని కాదు, నేల మీది గింజల్ని. గింజలమ్మ నేల మీద ఒక్క గింజ వెయ్యదు. కిందికి దిగితే పిట్టలు పిల్లికి దొరికిపోతాయని భయం. పొరపాటున చిందితే, అన్నీ ఏరేదాకా నడుం ఎత్తదు.

తెర కింది అంచున నీలం గుడ్డ చెంగు కనబడుతోంది. ఒక గువ్వ దాన్ని ఆనుకునే గింజలు ఏరుతోంది. గువ్వ ఎంత పిరికిదో ఆయనకు తెలుసు. ఆ గుడ్డ ఏమాత్రం కదిలినా అది అక్కడ ఉండదు.

సన్నగా ఒక మూలుగు వినబడింది. ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. మళ్లీ వినబడలేదు.

"పడిపోయింది" అని రాశాడు. ఆయన ఒక్క మాట రాసేలోగా మిగతావాళ్లు ఇరవై రాస్తారు. ఆ మాట వాళ్ల మాటల్లో కొట్టుకుపోయింది.

"ఏం పడిపోయింది బాబాయ్? కట్టుడు పళ్లా?" అన్నాడు లారీ డ్రైవరు. "పేరేమో గోరింక. పలికేది నెలకో మాట!"

ఇంటి నంబరు రాస్తే చాలు, ఎవరో ఒకరు పరిగెత్తుతారనుకున్నాడు. నంబరు, వీధి, ఊరు రాశాడు. అయిదు నిమిషాలు పట్టింది.

అది తెర మీదికి వచ్చింది. వచ్చినంత వేగంగా మాయమైంది.

తీసేసింది కాపలా. గుంపును నడిపే మనిషికి వాళ్లు పెట్టుకున్న పేరది.

"గోరింకగారూ, ఏంటండీ ఈ పని? అడ్రసులు రాయొద్దన్నది మొదటి షరతు కదా! పిట్టల్ని పట్టి అమ్ముకునేవాళ్లు కూడా చూస్తుంటారు. ఆడమనిషి ఇల్లు వీధిలో పెడతారా?"

"అసలు ఆవిడ ఇల్లు ఈయనకెలా తెలుసు?" అంది కుట్టుమిషను అక్క.

"నాకెప్పట్నుంచో అనుమానమే" అన్నాడు లారీ డ్రైవరు. "పొద్దస్తమానం ఆ పెరట్లోనే కళ్లు. పిట్టల కోసం కాదక్కా."

"ఛీ ఛీ! పోలీసులకి చెప్పండి" అన్నారు ఇంకెవరో.

ఆ మాటకి గోరింకకు ప్రాణం లేచొచ్చింది. చెప్పండి, చెప్పండి అనుకున్నాడు.

"పెద్దాయన కదా, పోలీసులదాకా ఎందుకులెండి" అన్నాడు కాపలా. "గోరింకగారూ, తప్పయిందని రాయండి. రాయకపోతే ఇప్పుడే గుంపులోంచి తీసేస్తాను."

తీసేస్తే ఇక చెప్పుకోడానికి దిక్కు లేదు.

ఆయన రాయసాగాడు. అక్షరాలు తప్పు పడ్డాయి. చెరిపాడు. మళ్లీ మొదలెట్టాడు.

గువ్వ నీలం గుడ్డ మీదికి ఎక్కి నిలబడింది.

"ఎవరన్నా ఫొటో తియ్యండర్రా!" అన్నాడు బడిపంతులు. "ఇంత దగ్గరగా ఎప్పుడూ చిక్కలేదు!"

"గోరింకగారూ, ఇక మిమ్మల్ని తీసేస్తున్నానండీ" అన్నాడు కాపలా.

సరిగ్గా అప్పుడే గోరింక రాసింది తెర మీదికి వచ్చింది: "ఇందాకటి అడ్రసుకి అంబులెన్సు పంపండి, ఆవిడ నా భార్య, గోడకి ఇవతల మంచంలో నేనున్నా, నాకు మాట లేదు, ఈ వేలొక్కటే కదుల్తుంది."