ఊపిరి కన్నం

ఉత్తరాన సముద్రం కూడా గడ్డకట్టే చోట, మంచు కింది నీళ్లు లేత నీలం వెలుగులో కలలా ఊగుతుంటాయి. అక్కడ కొన్ని సీలు జంతువులుండేవి. సీలు నీళ్లలో బతికినా మనలాగే గాలి పీల్చాలి కదా, అందుకని అవన్నీ కలిసి మంచులో ఒక కన్నం ఉంచుకున్నాయి. గాలి పీల్చిన ప్రతి సీలూ అంచున పేరుకున్న కొత్త మంచును గోళ్లతో గీకి మరీ దిగేది. అలా గీకకపోతే కన్నం మూసుకుపోతుంది.

గుండడనే బలిసిన సీలుకి ఈ పద్ధతి నచ్చలేదు.

“మీ వరసలో ఎవడు నిలబడతాడు? నా కన్నం నేనే తొలుచుకుంటా,” అన్నాడు.

“ఒక్కడివే ఎంతకని గీకుతావురా?” అంది ముసలి నీలవ్వ.

“నా గోళ్లు చూశావా అవ్వా!” అని దూరంగా వెళ్లి తొలుచుకున్నాడు.

మంచు కింది నీళ్లలో నీలి వెలుగు జోకొడుతుంటే హాయిగా నిద్రపోయాడు. లేచేసరికి కన్నం మూసుకుపోయింది. ఎంత గీకినా మంచు పగల్లేదు. ఊపిరందక, కళ్లు మసకబారుతుండగా పాత కన్నం దగ్గరికి ఈదుకొచ్చాడు. అప్పుడే నీలవ్వ వంతు వచ్చింది. వాడి ముఖం చూసి ఆమె పక్కకు జరిగింది.

గుండడు గుండెనిండా గాలి పీల్చి, “అవ్వా, నీ మేలు...” అని మొదలెట్టాడు.

“పొగడ్తలు తరవాత. ముందు అంచు గీకి దిగరా నాయనా,” అంది నీలవ్వ. “నేనింకా గాలి పీల్చలేదు.”